రాత్రి భోజనం వేళ మా పిల్లలకు వదిలేయండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో, హడావుడి జీవితంలో ఆనందంగా ఉండటం ఎలాగో చెబుతూ పది సూత్రాలు వేశారు. పొద్దున ఐదింటికి లేవాలి, గోరువెచ్చని నీళ్లు తాగాలి, అరగంట ధ్యానం చెయ్యాలి, రోజుకు మూడు మంచి విషయాలు డైరీలో రాసుకోవాలి, ఏదైనా హాబీ పెట్టుకోవాలి, ఇట్లా. రాసినవాళ్ల మనసు మంచిదే, కాదనను. ఆ పేజీ పట్టుకెళ్లి రాత్రి మా పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) డైనింగ్ హాల్లో పిల్లలకు పైకి చదివి వినిపించాను. మొదటి సూత్రం దగ్గరే బండి ఆగిపోయింది. "ఆంటీ, నేను లాగౌట్ అయ్యేదే రెండున్నరకి. ఐదింటికి లేవాలంటే ఇంక పడుకోకుండా ఉంటే పోలా?" అన్నాడు ఒంగోలు అబ్బాయి. హాబీ దగ్గరికి వచ్చేసరికి ఇంకొకడు "దానికి మేనేజర్ అప్రూవల్ కావాలాంటీ" అన్నాడు. హాలంతా నవ్వు. ఆ పదింటిలో మావాళ్లకు అక్కరకొచ్చింది ఆ నవ్వొక్కటే అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైంది, ఎక్కడైనా కత్తిరించుకోండి. భోజనం సంగతి మాత్రం ఉంచండి.

మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి మారతహళ్లి పక్కన మున్నేకొలాలలో ఒక బిల్డింగు లీజుకు తీసుకుని నేనూ మా ఆయనా మగపిల్లల పీజీ నడుపుతున్నాం. రూముకు ఇద్దరో ముగ్గురో, పూటపూటా తిండి, వైఫై, బట్టలుతికే మెషీను, నెలకింత అని డబ్బు. ఔటర్ రింగ్ రోడ్డు మీదా వైట్‌ఫీల్డ్ వైపూ ఉన్న ఆఫీసులకు పోయే పిల్లలు ఈ సందుల్లోనే ఉంటారు. శుక్రవారం సాయంత్రం కళామందిర్ స్టాపు దగ్గర నిలబడండి, బెజవాడ బస్సు, కడప బస్సు, నెల్లూరు బస్సు అంటూ వీపున బ్యాగులతో ఎంతమంది మన పిల్లలో. మా ఊరి సంతలో కూడా అంత తెలుగు వినపడదు.

నేను డాక్టర్ను కాను. సైకాలజీ చదవలేదు, బీకామ్ మధ్యలో ఆపేసి పెళ్లి చేసుకున్నదాన్ని. కానీ ఎవడు బాగున్నాడో ఎవడు బాగాలేడో నాకు వాడి ప్లేటు చెబుతుంది. బాగున్నవాడు కింద కూర్చుని తింటాడు, సాంబారులో ఉప్పెక్కువైందని గొడవ పెట్టుకుంటాడు. బాగాలేనివాడు ప్లేటు నింపుకుని చప్పుడు లేకుండా మెట్లెక్కుతాడు. తెల్లారి ఊడవడానికి వెళ్తే ఆ ప్లేటు మంచం కింద ఉంటుంది, పప్పు ఎండిపోయి, చపాతీ సగం కొరికి. ఇంకా ముదిరితే ఆ ప్లేటు కూడా ముట్టడు. ఫోన్లో ఆర్డరు పెట్టుకుని, గేటు దగ్గర కవరందుకుని, నా వైపు చూడకుండా లిఫ్టెక్కుతాడు. రూములో ముగ్గురుంటే ముగ్గురి చెవుల్లోనూ హెడ్‌ఫోన్లే. ఒకడి తల్లికి ఆపరేషన్ జరిగిన సంగతి పక్కమంచం వాడికి తెలిసేసరికి ఆమె కుట్లు కూడా విప్పేశారు.

ఇది మారింది నా తెలివి వల్ల కాదు. నీళ్లు లేకపోవడం వల్ల.

2024 ఎండాకాలం ఇక్కడ ఎట్లా గడిచిందో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందేడు వానల్లేక నగరంలో వేల బోర్లు ఎండిపోయాయి. ఉప ముఖ్యమంత్రి డీకే శివకుమార్ గారే తమ ఇంటి బోరు కూడా ఎండిందని చెప్పారు. తాగేనీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని వాటర్ బోర్డు ఆర్డరేసింది. ట్యాంకరువాడు రోజుకో రేటు చెప్పేవాడు, అదీ వస్తే పండగే. పీజీలో నీళ్లు ఎక్కువ పోయేది స్నానాలకు, ఆ తర్వాత గిన్నెలకు. స్నానాలు మానమని చెప్పలేం కదా. స్టీలు ప్లేట్లు మూటగట్టి అటకెక్కించాం. మా మరిది ఊరి బస్సు డిక్కీలో అడ్డాకు విస్తళ్ల కట్టలు వేయించి పంపాడు. ఎంగిలి విస్తళ్లు రూముల్లో పడుంటే బొద్దింకలు చేరతాయి. అందుకని బోర్డు మీద రాసిపెట్టాను: విస్తరి మెట్లెక్కదు, తినేది కిందే.

గొణిగారు. బల్లలు చాలక కొందరు చాపల మీద కూర్చున్నారు. ఇక రసం. స్టీలు ప్లేటుకు అలవాటు పడ్డ చేతులు, విస్తట్లో గరిటెడు పోయించుకుంటే అది ఊరుకుంటుందా, అంచు దాటి పక్కవాడి షార్ట్ మీదికి పోయింది. టెక్కలి అబ్బాయి ఒకడున్నాడు, వచ్చినప్పటి నుంచి హాల్లో నోరు విప్పినవాడు కాదు. తన విస్తట్లో అన్నాన్ని చుట్టూ గట్టు కట్టి, మధ్యలో గుంట చేసి చూపించి, "ముందు ఇలా కట్టుకోవాల్రా. అప్పుడు పోయించుకో. పోయించుకున్నాక ఆగకు, లాగించెయ్" అన్నాడు. పక్కన ఉన్నది కర్నూలు అబ్బాయి. కట్టాడు, తెగింది. మళ్లీ కట్టాడు. చుట్టూ నలుగురు చేరి సలహాలు. ఆ రాత్రి రసం మామూలు కంటే ఎంత ఖర్చయిందో మా వంట మాస్టరు ఇప్పటికీ చెబుతుంటాడు.

ఆ తర్వాత ఆవకాయ సీసాలు దిగాయి. ప్లేటు పైకి పోయినన్నాళ్లూ సీసా కూడా రూములోనే, బట్టల అలమరలో, తాళం లోపల ఉండేది. తినేది కింద అయ్యేసరికి సీసాలూ రాక తప్పలేదు. బస్సులో నూనె కారకుండా మూతకు ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీద రెండు మూడు రబ్బరు బ్యాండ్లు బిగించి ఉంటాయి, తల్లుల పనితనం. కొందరైతే ఆ కవరు కూడా తియ్యరు, మడిచి మళ్లీ అట్లాగే చుట్టేస్తారు. గోదావరి వాళ్ల బెల్లం ఆవకాయ చూసి గుంటూరు వాళ్లు "ఇది ఊరగాయా, స్వీటా" అని ఏడిపించారు. పల్నాడు గోంగూర పచ్చడి రెండో రోజుకే అడుగు కనపడింది. అనంతపురం అబ్బాయి చింతకాయ తొక్కు తెస్తే, అప్పటిదాకా అది తినని విశాఖ పిల్లలు వాడి చేత వాళ్లమ్మకు ఫోన్ చేయించి ఎట్లా నూరాలో అడిగారు. కొన్న సీసా తెచ్చినవాడిని మాత్రం మూత తియ్యనివ్వలేదు, మా దాంట్లో వేసుకో అన్నారు. ఎవరి అమ్మ చెయ్యి గొప్పదన్న తగువు ఇప్పటికీ తేలలేదు. తేలకూడదనే నా కోరిక, తేలితే సీసాలు మళ్లీ అలమరలోకి పోతాయి.

వానలొచ్చాయి. ఆ అక్టోబరులో కావేరి నీళ్ల పథకం ఐదో దశ మొదలుపెట్టారు. ప్లేట్లు అటక దిగాయి. రూలు మాత్రం తియ్యలేదు, తియ్యమని ఒకరిద్దరు తప్ప అడగనూ లేదు.

మరుసటి ఏడు మార్చి 20న, అంతర్జాతీయ ఆనంద దినం రోజున, ప్రపంచ ఆనంద నివేదిక వచ్చింది. 147 దేశాల్లో మనది 118వ స్థానం, ఫిన్లాండ్ వరుసగా ఎనిమిదోసారి మొదటిది. ఈ ర్యాంకుల మీద నాకు పెద్దగా గురి లేదు. మనుషుల్ని అడిగి, మీ బతుక్కి సున్నా నుంచి పది దాకా ఎన్ని మార్కులేసుకుంటారో చెప్పమని లెక్క కడతారట. మనవాళ్లు ఎంత బాగున్నా "ఏదో ఉన్నాం" అంటారు గానీ పదికి తొమ్మిదని ఎవరైనా పైకి చెబుతారా? దిష్టి తగలదూ? కానీ ఆ నివేదికలో ఒక అధ్యాయమంతా భోజనం గురించే అని తెలిసి మా పిల్లవాడి చేత ల్యాప్‌టాప్‌లో తీయించి, అర్థం చెప్పించుకున్నాను. ఇంకొకరితో కలిసి ఎక్కువ పూటలు తినేవాళ్లు తమ బతుకు పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు చెప్పారట. ఆ తేడా డబ్బు ఉండటం లేకపోవడం, ఉద్యోగం ఉండటం లేకపోవడం తెచ్చే తేడాకు తీసిపోదట. అమెరికాలో 2023లో నలుగురిలో ఒకరు, ముందురోజు అన్ని పూటలూ ఒంటరిగానే తిన్నామన్నారు. 2003తో చూస్తే అది 53 శాతం పెరిగింది. కలిసి తినడం వల్ల సంతోషం వస్తుందా, సంతోషంగా ఉన్నవాళ్లే కలిసి తింటారా అన్నది అది రాసినవాళ్లే పూర్తిగా తేల్చలేదు. నేనెట్లా తేలుస్తాను? మా దగ్గర మాత్రం నీళ్ల కరువు వచ్చి ఇష్టమున్నవాడినీ లేనివాడినీ కలిపి కిందికి తోసింది. తోసిన తర్వాతే మాటలు మొదలయ్యాయి. నేను చూసింది ఇంతే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మా హాల్లో భోజనాలు ఎనిమిది నుంచి పది దాకా. అందరూ ఒకేసారి ఉండేది ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య. సరిగ్గా అప్పుడే ఆఫీసు కాల్స్. చలికాలంలో మనకు రాత్రి ఎనిమిదిన్నర అంటే న్యూయార్క్ వైపు పొద్దున పది. వాళ్లు కాఫీ తాగి, సీట్లో కుదురుకుని, ఇండియా టీముని పిలిచే వేళ. మార్చిలో వాళ్లు గడియారాలు గంట ముందుకు తిప్పుకుంటే ఆ కాల్ మనకు ఏడున్నరకు జరుగుతుంది, నవంబరులో మళ్లీ ఎనిమిదిన్నరకు పోతుంది. అమెరికాలో గడియారం తిప్పితే ఇక్కడ నేను చపాతీ పిండి తడిపే టైము మారుతుందని చెబితే మా అమ్మ నమ్మలేదు. అందుకే మా హాల్లో ఎండాకాలం భోజనాలు బాగా సాగుతాయి. నవంబరు వచ్చిందంటే సగం కుర్చీలు ఖాళీ.

కాల్‌లో ఉండి కూడా కిందికొచ్చి కూర్చునేవాళ్లు కొందరున్నారు. వాళ్లను చూస్తే జాలేస్తుంది. కుడిచేతికి సాంబారన్నం, ఎడమచేతి బొటనవేలు ఫోన్ మ్యూట్ మీద. ముద్ద నోట్లో పెట్టుకుంటాడు, పేరు పిలుస్తారు, గబగబా మింగి మ్యూట్ తీసి ఇంగ్లిషులో ఒక ముక్క చెప్పి మళ్లీ నొక్కుతాడు. వీడియో ఆన్ చెయ్యమంటే గోడ వైపుకు తిరుగుతాడు, వెనక గ్యాస్ బండలు కనపడకుండా. గంటలో వాడు మాట్లాడేది రెండు వాక్యాలు. అమెరికా వాళ్లు అడగరు కూడా, ఇక్కడి మేనేజర్లే "ఎందుకైనా మంచిది, అందరూ జాయినవ్వండి" అంటారని పిల్లలే చెబుతారు. ఆ ఎందుకైనా మంచిది దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది.

2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి 90 గంటల మాట బయటికొచ్చింది. ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య ముఖం చూస్తారు అని కూడా అన్నారాయన. మా పిల్లల్లో చాలామందికి పెళ్లే కాలేదు, వాళ్లకు చూడటానికి ఉన్నది నా ముఖమే. పెద్దవాళ్లు, కష్టపడి పైకొచ్చినవాళ్లు, వాళ్ల మాట వాళ్లది. కానీ లెక్క చూడండి. 70 గంటలంటే ఆరు రోజుల వారంలో రోజుకు పదకొండున్నర గంటల పైమాటే. దానికి రోడ్డు కలపండి. ట్రాఫిక్ లెక్కలు కట్టే సంస్థ టామ్‌టామ్ 2024 లెక్క ప్రకారం బెంగళూరులో 10 కిలోమీటర్లు పోవడానికి సగటున 34 నిమిషాలు. కేఆర్ పురం నుంచి సిల్క్ బోర్డు దాకా మెట్రో పిల్లర్ల మధ్య రోజూ ఈదేవాళ్లు ఆ లెక్క విని నవ్వుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిన మాట ఇంకొకటుంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఇంత తెలిసీ 2024లో ఇక్కడ ఐటీ వాళ్లతో రోజుకు 14 గంటల దాకా పని చేయించుకునే వీలు కల్పించాలన్న ప్రతిపాదన వచ్చింది. ఉద్యోగ సంఘాలు గొడవ చేశాయి. మరి గంటలన్నీ అటు పోతే పది సూత్రాలు పాటించేది ఎప్పుడండీ?

భోజనాల దగ్గర ఏం జరుగుతుందో ఒకటి చెబుతాను. మదనపల్లె అబ్బాయి ఒకడు రోజూ తొమ్మిదికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ తిని, బ్యాగు తగిలించుకుని వెళ్లేవాడు. రాత్రికి వచ్చేవాడు. నాకే తేడా తెలియలేదు. కనిపెట్టింది రాత్రిపూట ఎదురుగా కూర్చునే పిల్లవాడు. "ఆఫీసు ట్యాగేదిరా నీ మెడలో? ఈమధ్య కనపడటం లేదే" అన్నాడు. ముందు మర్చిపోయానన్నాడు. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి కంపెనీ తీసేసిందని చెప్పేశాడు. ఇంట్లో చెప్పలేదు, చెల్లెలి పెళ్లికి లోను తీసింది వీడి జీతం చూపించే. పగలంతా మాల్‌లో కూర్చునేవాడట. ఒక్కోరోజు మెట్రో ఎక్కి వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా పోయి వచ్చేవాడట, ఏసీ ఉంటుంది, ఎవరూ అడగరు. ఆ రాత్రి హాల్లో లైటు ఆపేసరికి పన్నెండు. ఒకడు రెజ్యూమె దిద్దాడు, ఇంకొకడు తన కంపెనీలో రిఫరల్ పెడతానన్నాడు, ఇంటికి ఎట్లా చెప్పాలో ఇద్దరు కూర్చుని మాటలు కట్టిపెట్టారు. మర్నాడే ఉద్యోగం వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ రాలేదు. ఊరెళ్లి, చెప్పి, తిట్లు తిని, కొన్నాళ్లుండి వచ్చి తక్కువ జీతానికి చేరాడు. మెడలో ట్యాగు లేదని తెలియాలంటే ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండాలి. వీడియో కాల్‌లో అమ్మకు ముఖం వరకే కనపడుతుంది. ధ్యానం నేర్పే యాప్‌కు అదీ కనపడదు.

అట్లాగని అందరినీ ఒకే తాడుకు కట్టలేం. నైట్ షిఫ్ట్ వాళ్ల రాత్రి భోజనం మధ్యాహ్నం మూడింటికి, వాళ్ల లోకమే వేరు. పాలకొల్లు అబ్బాయి ఒకడు ఎప్పుడూ మూలబల్ల దగ్గర ఒక్కడే, ఫోన్లో క్రికెట్ పెట్టుకుని తింటాడు. వాడు హాయిగా ఉన్నాడు. కింద తినాలన్నదే మా రూలు, మాట్లాడాలన్న రూలు లేదు. ఫోన్లు లాక్కోవడం కూడా లేదు, అట్లా చేస్తే హాస్టల్ వార్డెన్‌కూ నాకూ తేడా ఏముంది? మా వంట మాస్టరు, హెల్పర్లు ఒరిస్సా వాళ్లు. అందరూ లేచాక పదిన్నరకు వంటగది గడప దగ్గర గుండ్రంగా కూర్చుంటారు. ఒకే గిన్నె చుట్టూ, వాళ్ల భాషలో ఏదో చెప్పుకుని పడీపడీ నవ్వుతారు. వాళ్లకోసం ఎవరూ సూత్రాలు రాయరు, వాళ్లకు అవసరమూ లేనట్టుంది.

నా సంగతంటారా, నాలుగున్నరకు లేచి ఇడ్లీ పిండి చూసుకునే మనిషిని, మీ మొదటి సూత్రం నేను ఎప్పుడో పాటించేశాను. టిఫిన్లు అయిపోయి, బిల్డింగంతా ఖాళీ అయ్యాక, పదకొండింటికి మీ పేపరు పట్టుకుని కూర్చునే ముప్పావుగంట నాది. అప్పుడు మా ఆయన కూడా పలకరించడు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీరు కూడా ఎనిమిదిన్నరకే వీడియో కాల్ చేస్తారు, "ఏం తింటున్నావ్, చూపించు" అని. పక్కవాడితో ఏదో చెప్పుకుంటున్నవాడు చెయ్యి కడిగేసుకుని లేచిపోతాడు. పదింటికి చెయ్యండి, మేలుకునే ఉంటారు. మరీ బెంగగా ఉంటే నాకు చెయ్యండి. తిన్నాడో లేదో, ఎంత తిన్నాడో, ఎవరితో కూర్చున్నాడో చెబుతాను. జీతం హైక్ ఎంతొచ్చిందో మాత్రం నన్నడగకండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ముభావంగా ఉండటం వేరు, జబ్బు వేరు. నిద్రపోక, స్నానం మానేసి, రూము తలుపు తియ్యనివాడికి నా పప్పన్నం మందు కాదు. 2022 అక్టోబరు 10 నుంచి కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అని మనసు బాగాలేనివాళ్లకు ఫోన్ సాయం నడుపుతోంది, నంబరు 14416. ఇరవై నాలుగ్గంటలూ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో కూడా మాట్లాడతారు. దాన్ని ముందుండి నడిపేది ఇక్కడి మానసిక వైద్యశాల నిమ్హాన్సే. ఆ ఆసుపత్రి గేటు దాటడానికి బిడియపడేవాళ్లకు బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వాళ్లదే వెల్ బీయింగ్ సెంటర్ ఉంది. ఆ నంబరు మా హాల్లో వారం మెనూ పక్కనే అతికించాను, ఆదివారం చికెన్ ఉందా లేదా అని చూసే ప్రతివాడి కన్నూ దాని మీద పడుతుంది. మీరు కూడా ఆదివారం పేజీలో ఒక మూల ఆ నంబరు వేస్తే పుణ్యముంటుంది.

సాటి పీజీ వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. డైనింగ్ హాలు ఎత్తేసి అక్కడ ఇంకో రెండు రూములు లేపితే నెలకు ఎంత మిగులుతుందో నేనూ లెక్కేశాను. మా వీధి చివర కొత్తగా లేచిన కో-లివింగ్ పీజీ‌లో అదే చేశారు. కింద బొమ్మల గోడలు, క్యారమ్ బోర్డు, ఫొటోలకు బాగుంటుంది. తిండి మాత్రం డబ్బాల్లో గది గుమ్మం ముందు పెట్టి పోతారు. 2024లో నగర పాలక సంస్థ బీబీఎంపీ పీజీలకు నియమాలు పెట్టింది. మనిషికి 70 చదరపు అడుగుల చోటు, రోజుకు 135 లీటర్ల నీళ్లు, సీసీ కెమెరాలు, ఆహార భద్రత లైసెన్సు. మంచివే, మేమూ ఒప్పుకున్నాం. ఇప్పుడు బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కదా, ఆ నియమాలకు ఇంకొకటి కలపమని వాళ్లను అడుగుతున్నాను: ఉన్నవాళ్లలో సగం మందైనా ఒకేసారి కూర్చుని తినేంత హాలు ఉంటేనే లైసెన్సు. కెమెరా కంటే అదే ఎక్కువ కనిపెడుతుంది.

ఇక మేనేజర్లకు. మీలో చాలామంది ఇట్లాంటి పీజీల్లో తిని పైకొచ్చినవాళ్లే. మా దగ్గర ఉండి వెళ్లిన బాపట్ల అబ్బాయి ఒకడు ఇప్పుడు టీమ్ లీడు. పెళ్లయి కుందలహళ్లిలో ఉంటున్నాడు, ఉగాదికి భార్యను తీసుకుని వచ్చాడు. తన టీములో పిల్లలకు ఎనిమిదిన్నర కాల్ ఏడింటికి మార్పించానని చెప్పాడు. అమెరికా వాళ్లను ఎట్లా ఒప్పించావురా అన్నాను. చాన్నాళ్లు అడగడానికే భయపడ్డాడట. చివరికి, మా పిల్లలు కలిసి భోజనం చేసే టైమది, గంటన్నర ముందుకు జరుపుకుందామా అని మెయిల్ పెట్టాడట. అవతలివాళ్లు రాసిన జవాబు ఒక్క లైనట. సరే, మాకు ఎనిమిదిన్నరకు పిల్లల్ని స్కూల్లో దింపడం అయిపోతుంది, అప్పటికి వస్తాం అని.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మున్నేకొలాల, మారతహళ్లి, బెంగళూరు